దారం చివర నట్టు

మా బచ్చన్నపేట దిక్కు బోరు మోటార్లు బాగుచేసే మిస్త్రీ మొన్న మంగళవారం పొద్దున చనిపోయాడు. మా అందరికీ ఆయన చాచా. ఆయన పోయిన సంగతి పక్క చేను అక్క గట్టు మీద నిలబడి చెప్పింది. నేను వెళ్లి మోటారు ఆపేశాను. ఎందుకని ఆమె అడగలేదు.

కొన్నేళ్ల కింద నా బోరుకు ఆటో స్టార్టర్ పెట్టించుకున్నాను. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడుస్తుంది. బిగించింది చాచానే.

“చేను తడిసినంక ఒచ్చి బంద్ చేస్తవా?” అని అడిగాడు.

చేస్తానన్నాను. చేయలేదు. మడి నిండి నీళ్లు బాట మీద పారినా మోటారు నడిచేది.

ఆ ఎండాకాలం అక్క బోరు నీళ్లకు బదులు గాలి కక్కింది. ఆమెకున్నది అరెకరం. అందులో టమాట ఆకులు ముడుచుకున్నాయి. మోటారు చెడిందేమోనని చాచాను పిలిపించింది.

ఆయన మోటారు ముట్టలేదు. దారానికి ఒక నట్టు కట్టి బోరు పైపులోకి వదిలి, చెవి ఆనించాడు. దారమంతా పోయినా నీటి చప్పుడు లేదు. లేచి వచ్చి నా మోటారు ఆపి, నన్ను తీసుకెళ్లి ఆమె బోరు దగ్గర కూర్చోబెట్టాడు. చాయ్ తాగాం. మధ్యాహ్నం దాటాక మళ్లీ నట్టు వదిలాడు. లోపల నీళ్లలో టప్పుమంది.

“నీ మోటారు ఖరాబు కాలే బిడ్డా,” అన్నాడు అక్కతో.

అక్క నా వైపు తిరిగింది. “నువ్వు మందు తాగుడు మానేసినవని సంబురపడ్డ తమ్మీ. గిప్పుడు నీ మోటారు తాగుడు మొదలువెట్టింది గదా!”

చాచా నవ్వలేదు. “దానికి కండ్లున్నయా? కరెంటొస్తే తిరుగుతది. సూడాల్సింది మనం.”

ఆ సాయంత్రమే నా ఆటో స్టార్టర్ డబ్బా ఊడదీశాడు. యంత్రాలంటే ఆయనకు గిట్టదని కాదు. నెల తిరగకముందే ఫోనుతో ఆపే స్టార్టర్ తెచ్చి బిగించాడు. బడికి పోకుండా అక్షరాలు నేర్చుకున్న నాకు దాని మీటలన్నీ ఓపికగా చూపించాడు.

“మోటారు ఏసుడు అందరికొస్తది బేటా. బంద్ చేసుడు నేర్సుకో.”

రోజూ లెక్కలు రాసే పుస్తకంలో అప్పటి నుంచి మోటారు ఆపిన వేళ కూడా రాస్తున్నాను. చాచాకు తెలుగు చదవడం రాదు. వచ్చినప్పుడల్లా ఆ అంకెలు చూసేవాడు. చాయ్ ఆ తర్వాతే.

ఆ మంగళవారం చాచా గోరీకి పిడికెడు మట్టి ఇచ్చి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఈసారీ టమాటే వేసిన అక్క, తన బోరు దగ్గర కూర్చుని ఉంది. చాచా ఆమెకే ఇచ్చిపోయిన దారం చేతిలో ఉంది.

“బంద్ చేసినవా తమ్మీ?”

“పొద్దుగాలనే చేసిన.”

నట్టు వదిలి, పైపుకు చెవి ఆనించింది. మాట్లాడవద్దని నాకు చెయ్యెత్తి చూపింది. కాసేపటికి లోపల టప్పుమంది, దారం చిన్నగా అదిరింది. ఆమె చెయ్యి దించలేదు, ఇంకా వింటూనే ఉంది.