సమ్మయ్య ఎత్తని వంద కిలోలు

ఇన్నేళ్ళూ ఒక బరువు మోశాను అని మొదలుపెట్టి, ఆ వాక్యం కొట్టేశాను. ఆ మాట వాడే అర్హత నాకు లేదు. సూటిగా చెప్తాను. నా వల్ల ఒక మనిషి గొంతు పోయింది. తెలిసినవాళ్ళంతా అది ప్రమాదం అనుకుంటారు. ఆ మనిషి కూడా అలాగే అనుకుంటాడు. కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పడానికి ధైర్యం వస్తోంది.

మాది కరీంనగర్. నాకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. కూర్చుని కూర్చుని పొట్ట పెరిగి, షుగర్ వచ్చేలా ఉందని డాక్టర్ భయపెడితే, టైర్ల దుకాణం పైనున్న జిమ్ములో చేరాను. అక్కడ పరిచయమైనవాడు సమ్మయ్య. నాకంటే చిన్నవాడు. కూరగాయల మార్కెట్లో హర్రాజు పాడేవాడు. పొద్దున్నే రైతులు దించిన టమాట డబ్బాల మధ్య నిలబడి అతను ధర పాడుతుంటే, గేటు బయట చాయ్ తాగేవాళ్ళకు కూడా ఆ రోజు రేటు తెలిసిపోయేది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి పాడుతున్నా కొనేవాళ్ళు అతని చుట్టే మూగేవారు. ఆ గొంతే అతని బతుకు. మధ్యాహ్నానికల్లా అతని పని అయిపోయేది. మధ్యాహ్నం నా దుకాణంలో నేను ఈగలు తోలుకునేవాణ్ణి. అలా ఇద్దరికీ వేళ కుదిరి, జతగా కసరత్తు చేయడం మొదలుపెట్టాం.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. బెంచీ మీద వెల్లకిలా పడుకొని బరువు ఎత్తేవాడికి తల వెనక ఇంకొకడు నిలబడాలి. ఎత్తలేకపోతే ఆ ఇనుప కడ్డీని పట్టుకోవాలి. మా దగ్గర దీన్ని సపోర్ట్ అంటారు. సపోర్ట్ ఇచ్చేవాడు చేతులతోపాటు ఒక అబద్ధం కూడా అందిస్తాడు. వేళ్ళతో కడ్డీని కాస్త పైకి నెడుతూనే, "నీదే, మొత్తం నీదే" అని అరుస్తాడు. అన్ని జిమ్ముల్లో ఉన్నదే. పడుకున్నవాడికి పైకప్పూ, మన గడ్డమూ తప్ప ఏమీ కనిపించవు కాబట్టి నమ్ముతాడు.

మొదట్లో నేను మంచికే చేశాను. ఇది మాత్రం నిజం. సమ్మయ్య ఒక బరువు దగ్గర ఆగిపోయి, వారాల తరబడి ముందుకు పోలేక, ఇక మానేస్తానన్నాడు. అతను మానేస్తే నేనూ మానేస్తానని నాకు తెలుసు. అందుకే ఆ రోజు వేళ్ళు ఆనించాను. కడ్డీ లేచింది. లేచి కూర్చుని అతను నవ్విన నవ్వు చూసి, నాకు కూడా ఏదో సాధించినట్టే అనిపించింది. ఆ తర్వాత కడ్డీకి తగిలించే ఇనుప ప్లేట్లు పెరిగాయి, నా వేళ్ళ పని కూడా పెరిగింది. వేళ్ళు పోయి అరచేతులు వచ్చాయి. వంద కిలోలకు చేరేసరికి అతనితోపాటు నాకూ చెమటలు పట్టేవి.

మరి ఎందుకు ఆపలేదు? మంచితనం ఎప్పుడు పోయింది? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. నేను సొంతంగా ఎత్తే బరువు అతను ఎత్తాననుకునే దానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. పిల్లలు అతని చుట్టూ చేరి వీడియోలు తీసేవారు. నన్ను జర పక్కకు జరగమనేవారు, ఫ్రేములో అడ్డం వస్తున్నానని. అతని పేరు చెబుతూ కొత్తవాళ్ళు జిమ్ములో చేరుతుంటే, వెనక నిలబడి నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. నేను చేతులు తీస్తే వీడెంత, అనుకునేవాణ్ణి. పైనుంచి చూస్తే అతను గుటక వేసినప్పుడు గొంతు కదలడం కనిపించేది. ఉబ్బిన నరాలు కనిపించేవి. మంచి స్నేహితుడికి అక్కడ భయం వేయాలి. నాకు అది బాగుండేది. ఇంతటి మనిషి నా రెండు చేతుల కింద ఉన్నాడన్న ఆలోచన నాకు ఇష్టంగా ఉండేది, ఆ ఇష్టాన్ని సాయం అని పిలుచుకుంటూ రోజూ టైముకు జిమ్ముకు పోయేవాణ్ణి.

అలా సాగుతుండగా జిమ్ము ఓనరు పోటీ పెట్టాడు. పెద్దదేం కాదు, మా చుట్టుపక్కల జిమ్ములవాళ్ళ మధ్య. వంద ఎత్తినవాడికి శాలువా, ఫొటో. సమ్మయ్య అందరికంటే ముందు పేరు ఇచ్చాడు. పోటీలో వెనక నిలబడినవాడు కడ్డీని ముట్టుకోకూడదు. అది విన్న రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. అందరి ముందు అతని చేతులు వణికి కడ్డీ ఆగిపోతే, మొదట అందరూ చూసేది నన్నే కదా. ఇన్నాళ్ళూ ఎత్తింది ఎవరని అడుగుతారు. అతను అడుగుతాడు.

చెప్పేయొచ్చు. చాయ్ తాగుతూ చెప్పేయొచ్చు, తిట్టి ఊరుకునేవాడు. నేను అది చేయలేదు. వేరే దారి ఆలోచించాను. పోటీకి ముందే, ఎవరూ లేనప్పుడు, తనంతట తానే ఓడిపోవాలి. భయపడి తనే పేరు వెనక్కి తీసుకోవాలి. నా సంగతి బయటికి రాకూడదు. అందుకని ఒక మధ్యాహ్నం జిమ్ముకు పోకుండా దుకాణంలోనే కూర్చున్నాను. అతను ఫోన్ చేశాడు.

"అన్నా, ఇంక రాకపోతివి. నేను కింద టైర్ల దుకాణం కాడ నిలబడ్డ."

"ఇయ్యాల రాను తమ్మీ. గిరాకీ ఉన్నది. నువ్వు కొట్టు పో."

"వంద కొడ్దామనుకున్న. ఒక్కన్నే ఎట్లనే? పైన ఎవ్వలు లేరు, ఓనరు బువ్వకు పోయిండు."

"రోజు కొడ్తలేవా? నేను ఎనుక ఉత్తగనే నిలబడ్త గదా. మొత్తం నీదే."

 అతను చిన్నగా నవ్వాడు.

"అంతేనంటవా? మరి క్లిప్పులు పెట్టాల్నా?"

"పెట్టు."

క్లిప్పులంటే ప్లేట్లు జారిపోకుండా కడ్డీ చివర బిగించేవి. వెనక మనిషి ఉంటే బిగించాలి. ఒక్కడే ఎత్తేటప్పుడు బిగించకూడదు. కడ్డీ ఛాతీ మీద ఆగిపోతే ఒక పక్కకు వంచి ప్లేట్లు కింద పడేసుకొని బయటపడొచ్చు. బిగిస్తే ప్లేట్లు పడవు, మనిషి కింద ఇరుక్కుంటాడు. సమ్మయ్యకు ఇది తెలియదు. ఒంటరిగా ఎత్తే అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు, నేను రానివ్వలేదు.

ఫోన్ పెట్టేశాక గిరాకీ ఏమీ లేదు. ఒక ముసలాయన కళ్ళజోడు ముక్కు దగ్గర వదులైందని వస్తే స్క్రూ బిగించి ఇచ్చాను. మళ్ళీ ఫోన్ చేద్దామా అనుకున్నాను. చేయలేదు. గోడ గడియారం వైపు చూడకుండా ఉండటానికి ఫ్రేములన్నీ తీసి తుడిచాను. ఏదో జరుగుతుందని నాకు అనిపిస్తోంది, అయినా చేతులు తుడుస్తూనే ఉన్నాయి.

కింద టైర్లకు గాలి కొట్టే మిషన్ చప్పుడులో సమ్మయ్య అరుపు ఎవరికీ వినిపించలేదు. అంత గొంతు ఉన్నవాడి అరుపు. మిషన్ ఆగాక పైన కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్న చప్పుడు విని టైర్ల దుకాణంవాళ్ళు పైకి పరుగెత్తారు. కడ్డీ ఛాతీ మీంచి జారి మెడ మీద ఉంది. అతన్ని వరంగల్ తీసుకుపోయారు. గొంతు లోపల విరిగిందన్నారు. మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు.

నేను పోయేసరికి అతని భార్య గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. జిమ్ము ఓనరు మంచం పక్కన నిలబడి, ఒంటరిగా ఎత్తమని ఎవరు చెప్పారని కోపంగా అడుగుతున్నాడు. సమ్మయ్య నా వైపు చూశాడు. చేయి లేపాడు. నన్నే చూపిస్తాడనుకున్నాను. ఆ చేయి మెల్లగా తిరిగి తన ఛాతీనే చూపించింది. తప్పు తనదేనట. నన్ను కాపాడాడా, నిజంగానే అలా అనుకున్నాడా? ఇప్పటికీ తెలియదు. అక్కడ నోరు విప్పాల్సింది నేను. వచ్చేటప్పుడు పళ్ళు తేలేదని చెప్పి బయటికి నడిచాను.

గొట్టం తీసేశారు కానీ గొంతు తిరిగి రాలేదు. బొంగురుగా గాలి వస్తుంది, దగ్గరికి వంగితే మాట తెలుస్తుంది. ఇప్పుడు అదే మార్కెట్లో తూకం దగ్గర నిలబడతాడు. అతని చోట వేరే అతను పాడుతున్నాడు. మార్కెట్‌కు పోవాల్సి వస్తే నేను పొద్దెక్కాక, హర్రాజు ముగిశాక పోతాను. కొన్నాళ్ళు అతని కూతురి ఫీజు కట్టాను, వాళ్ళింట్లో అందరూ నన్ను దేవుణ్ణి చేశారు. దానికంటే వాళ్ళు నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది.

పోయిన వారం సమ్మయ్య దుకాణానికి వచ్చాడు. ఛాతీకి, చేతులకు మళ్ళీ బలం రావాలంటే కసరత్తు చేయమని డాక్టర్లు అన్నారట. నా చెవి దగ్గరికి వంగి అన్నాడు, "మల్ల షురూ చేద్దామన్నా. ఎనుక నువ్వుంటే నాకు ఫికర్ లేదు." సరే అన్నాను. ఏ నోటితో అన్నానో.

ఆ రోజు పెట్టు అన్నది అలవాటు కొద్దీ అన్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. అతను అడిగాడు, నేను ఒక్క క్షణం ఆగాను, ఆగి అన్నాను. ఆ ఒక్క క్షణంలో నాకు అంతా తెలుసు. అతను చావాలని అనుకోలేదు. కింద ఇరుక్కోవాలని అనుకున్నాను, కాసేపు భయపడాలని అనుకున్నాను. అంతవరకే అనుకున్నానని కూడా ఒట్టు వేసి చెప్పలేను.

ఇది రాశాక ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. అవతల అతనికి సరిగ్గా ఆడని ఊపిరి నాకు ఆడుతున్నందుకు సిగ్గుగా ఉంది. సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడుతున్నాం. సమ్మయ్య బెంచీ మీద పడుకొని పైకప్పు చూస్తాడు. తల వెనక నిలబడేది ఎవరో అతనికి తెలియదు. మీకైనా తెలిసి ఉండాలి.