ఎదుర్కోలు తెలిసిన మనిషి

మా ఆయన ఇన్నయ్య యూనివర్సిటీలో కెమిస్ట్రీ ల్యాబు అటెండరు. విద్యార్థులు వాడి వదిలేసిన గాజు గొట్టాలు కడిగి ఆరబెట్టడం, యాసిడ్ సీసాలు వరుసలో పెట్టడం ఆయన పని. పన్నెండేళ్లలో ఆయన చేతిలో ఒక్క సీసా పగల్లేదని ప్రొఫెసర్లే అనేవారు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆయన గురించి రాయమని మా ప్రార్థన కూటం వాళ్లు అడిగారు. సీసాల సంగతి వాళ్లే రాయగలరు. నేను ఎదుర్కోలు సంగతి రాస్తాను.

తార్నాకలో మా క్వార్టర్‌లో ప్రతి బుధవారం సాయంత్రం ప్రార్థన కూటం జరిగేది. ఆదివారం ప్రభువు జ్ఞాపకంగా రొట్టె విరిచి పంచుకోవడమూ అక్కడే. క్యాంపస్ నుంచి, లాలాపేట నుంచి ఇరవై మంది దాకా వచ్చేవారు. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలు, టీచర్లే ఎక్కువ.

1967లో యెరూషలేములో యుద్ధమని రేడియోలో చెప్పినప్పటి నుంచి మా కూటంలో క్రీస్తు రెండో రాకడ దగ్గరపడిందన్న మాట తప్ప వేరే మాట లేదు. యూనివర్సిటీ ఆఫీసు గుమాస్తా ఆనందరావు గారు గుంటూరు వైపు మనిషి. బట్ట మీద రంగులతో గీసిన పటం ఒకటి తెచ్చి మా గోడకు తగిలించారు. ప్రభువు ముందు మధ్యాకాశానికి వచ్చి సంఘాన్ని రహస్యంగా ఎత్తుకుపోతాడని, ఆ తర్వాత ఏడేళ్లు భూమ్మీద మిగిలినవాళ్లకు ఘోరమైన కష్టాలు, శ్రమలని, అవి తీరాక అందరికీ కనబడేలా వస్తాడని కర్రతో చూపించేవారు. లెక్కల ట్యూటరు ప్రభుదాసు గారు ఒప్పుకునేవారు కాదు. రాకడ ఒక్కటే, శ్రమలు మనమూ పడాల్సిందే అనేవారు.

"ప్రభుదాసు గారూ, ఆ రోజు మీరు కిందే ఉంటారుగా, మా ఇంటి తాళంచెవి మీకిచ్చి వెళ్తాను" అనేవారు ఆనందరావు గారు.

"ఇవ్వండి. ఆవకాయ జాడీ ఎక్కడుందో కూడా చెప్పి మరీ వెళ్లండి."

మొదట్లో అందరం నవ్వాం. ఆగస్టుకి నవ్వులు పోయాయి. రహస్య రాకడ నమ్మనివాళ్లతో రొట్టె విరవననీ, వచ్చే ఆదివారం నుంచి లాలాపేటలో వేరే కూటం పెడతాననీ ఆనందరావు గారు చెప్పేశారు. ఆ ఆదివారమే మా ఆయనను సంఘ పెద్దగా నిలబెట్టాలని అంతకుముందే అనుకున్నారు. ఇప్పుడు రెండు పక్షాలూ ఆయనను తమ వైపు రమ్మన్నాయి.

మంగళవారం ఆయన పొయ్యి దగ్గరకు వచ్చి కూర్చున్నారు. "నేనొక మాట చెప్పాలె. చెప్తే గా మాట నాకెట్ల ఎరుకనో గూడ చెప్పాలె" అన్నారు.

ఏ సంగతో నాకు అర్థమైంది. జనగామ దగ్గర మా పల్లెలో ఆయన పెళ్ళిళ్ళకు డప్పు కొట్టేవారు. బాప్తిస్మం తీసుకున్నవాడు డప్పు ముట్టకూడదని మా పాస్టరు అయ్యగారి కట్టడి. ఇల్లు గడవక ఆయన బాప్తిస్మం తర్వాత కూడా రెండేళ్లు కొట్టారు. పట్నంలో ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే.

"నీ పెద్దరికం పోతదయ్యా" అన్నాను.

"పోతె పోనియ్యే. కూటం రెండు ముక్కలైనంక పెద్దరికం ఏం జేసుకుంట?"

మర్నాడు కూటంలో ప్రభుదాసు గారు పౌలు పత్రిక చదువుతున్నారు. మేఘాల మీద ప్రభువును ఎదుర్కొనుటకు కొనిపోబడతామన్న చోటికి రాగానే మా ఆయన లేచారు.

"గీడ ఆగుండ్రి సారూ. ఎదుర్కొనుడంటే ఏంది?"

"కలుసుకోవడమండీ" అన్నారు ఆనందరావు గారు.

"ఒట్టిగ కలుసుకునుడు కాదు. పెండ్లికొడుకు వస్తున్నడంటే పిల్ల తరఫోళ్లు పానకం బిందె పట్టుకొని పొలిమేర దాక ఎదురు పోతరు. అది ఎదుర్కోలు. గాడ్నించి అటే పెండ్లికొడుకు ఊరికి పోతరా? ఆయనను ముందట పెట్టుకొని మళ్ల మన ఊర్లెకే వస్తరు."

ఎదురు వెళ్లి వెంటనే ప్రభువుతో కిందికే వస్తామంటే, రాకడ ఒక్కటేనన్న తన మాట నిలిచిందని ప్రభుదాసు గారి ముఖం వెలిగింది. ఆనందరావు గారు వదల్లేదు. "పెళ్ళికూతురు చివరికి వెళ్ళేది అత్తారింటికే కదండీ?"

"పోతది సారూ. పెండ్లయినంక."

అందరూ గొల్లుమన్నారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. "ప్రభుదాసు సారూ, మీరు గెలిచిండ్రని గాదు. పొలిమేర కాడ ఎంతసేపు నిలబడాల్నో మీకూ తెల్వదు, నాకూ తెల్వదు. బండి ఆలస్యమైతే నేను పొద్దంత నిలబడ్డ. పెండ్లికొడుకు వచ్చేలోపు ఎదురు పోయినోళ్లే కొట్లాడి రెండు గుంపులైతే ఎవరి ఇజ్జత్ పోతది? పిల్లదే గద!"

క్రీస్తు పెండ్లికొడుకైతే సంఘమే పెండ్లికూతురని మా కూటంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

"పొద్దంతా మీరెందుకు నిలబడ్డారండీ?" అని ఆనందరావు గారు మెల్లగా అడిగారు.

"డప్పు కొట్టేటోన్ని సారూ. ఎన్నో ఎదుర్కోళ్లకు ముందట నడిచిన. బాప్తిస్మమైనంక గూడ రెండేండ్లు కొట్టిన. అయ్యగారికి చెప్పలే. మీకూ చెప్పలే. ఇప్పుడు చెప్తున్న."

వెనక కూర్చున్న ఒక కుటుంబం ప్రార్థన కాకుండానే లేచి వెళ్లిపోయింది. మళ్ళీ రాలేదు. మిగతావాళ్లు ప్రార్థన కాగానే ఇళ్లకు పోయారు. ఇక ఆదివారం మా ఇంటికి ఎవరు వస్తారో, ఎవరు లాలాపేట పోతారో నాకు తెలియలేదు. ఆయన మాత్రం ఎప్పటిలాగే శనివారం గది కడిగి, చాపలు దులిపి పెట్టారు.

ఆదివారం అందరికన్నా ముందు వచ్చింది ఆనందరావు గారు, ఆయన భార్య జ్యోతి గారు. పాటలయ్యాక ఆనందరావు గారు లేచి నిలబడ్డారు.

"నా నమ్మకం మారలేదు. రహస్య రాకడే వాక్యమని ఇప్పటికీ అంటాను. ఇన్నయ్య గారు చెప్పిన అర్థం నేనొప్పుకోను. బాప్తిస్మం తర్వాత ఆయన చేసింది కూడా సరికాదు. కాని దాచుకుని పెద్ద కాగలిగిన మనిషి మనం విడిపోకుండా ఉండాలని చెప్పుకున్నాడు. పెద్దగా ఆయన పేరే చెబుతున్నాను."

"నేనూ అదే పేరు" అన్నారు ప్రభుదాసు గారు.

ఆ రోజు సంఘ పెద్దగా మా ఆయన రొట్టె విరిచారు. పళ్లెం ముందు ఆనందరావు గారికి, తర్వాత ప్రభుదాసు గారికి వెళ్లింది.

అన్నాలు వడ్డిస్తుంటే జ్యోతి గారు నా దగ్గరకు వచ్చి, "ఇన్నేళ్లూ మాకు చెప్పనేలేదేం వదినా?" అన్నారు.

"నేనే వద్దన్న" అన్నాను. "ఆయన ఎన్నడో చెప్పేటోడే."