నా సాలు ఎవరు కోశారు? – ప్రత్తిపాడు మిరపచేలో ఒక పగలు

మా అమ్మాయి షకీలా మూడేళ్ళుగా పర్చూరు దాటి ప్రత్తిపాడు వైపు వెళ్ళలేదు. దాన్ని ప్రత్తిపాడు దగ్గర ఒక ఊళ్ళో ఇచ్చాం. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. అల్లుడు తాగినా కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. చివరికి చెయ్యి విరగ్గొట్టిన రోజున నేను వెళ్ళి మా చీరాల తీసుకొచ్చేశాను. విడాకులు అయిపోయాయి, చెయ్యీ అతుక్కుంది. కానీ బస్టాండులో ఆ దారి బోర్డు కనబడితే చాలు, పిల్ల మొహం తిప్పుకునేది. అలాంటిది పోయిన వారం వచ్చి, "నాన్నా, ఆ ఊరే వెళ్ళాలి, పని పడింది" అంది. నేనూ వస్తానన్నాను. మిరపకోతల కాలంలో ఆ మైదానం చూడాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని దారీ ఖర్చూ కలిపి రాస్తున్నాను. మధ్యమధ్య నా సంతోషం పొంగిపోతే ఏమీ అనుకోకండి.

ముందు ఆ పనేమిటో చెప్పాలి. షకీలా ఇప్పుడు గుంటూరులోని ఒక సంస్థకు ఊళ్ళు తిరిగి వివరాలు రాసుకొస్తోంది. ఇంట్లో మగాడు భార్యను కొడితే ఆ ఇంటికే కాదు, ఊరికీ ప్రభుత్వానికీ మొత్తం ఎంత నష్టమో వాళ్ళు అంచనా వేస్తున్నారు. ఆసుపత్రి ఖర్చు, పోయిన కూలి, పోలీసుల తిరుగుడు, పిల్లల బడి, అన్నీ అందులోకే వస్తాయట. ఊళ్ళు పంచుకున్నప్పుడు ఈ ఊరు ఎవరూ తీసుకోలేదు. మిరపకోత ఆడవాళ్ళు ఇలాంటివి అడిగితే నోరు విప్పరని భయం. "ఆ ఊరి కోతముఠాలో నేను పనికి వెళ్ళినదాన్నే, నాతో మాట్లాడతారు" అని మా పిల్ల చెయ్యెత్తింది. నేను పరుపులు కుట్టుకు బతికేవాణ్ణి, ఏడో తరగతితో ఆపేశాను. నష్టమంటే నాకు తెలిసింది వానకు దూది తడవడమే. దెబ్బల నష్టం ఎలా కొలుస్తారో అర్థం కాలేదు.

ఉదయం ఆరు దాటాక చీరాలలో పర్చూరు పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్ళకు ఉచితం, నాకు ముప్పై చిల్లర అయింది. పర్చూరు బస్టాండు ఎదురుగా ఇడ్లీ, అల్లం చట్నీ తిన్నాం. చట్నీ మూడుసార్లు వేయించుకున్నా ఏమీ అనలేదు, మంచి మనుషులు. అక్కణ్ణుంచి పెదనందిపాడు మీదుగా గుంటూరు వెళ్ళే బస్సు పట్టుకోవాలి. పొగాకు కాల్చే బ్యారన్లు వెనకబడ్డాక నల్లరేగడి మొదలవుతుంది. పత్తి ఏరేసిన మోళ్ళు, వాటి పక్కన కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు, ఎక్కడ చూసినా ఎరుపే! బస్సులో సగం మంది దగ్గుతూనే ఉంటారు, కంగారు పడకండి. నేను కిటికీలోంచి చూసి మురిసిపోతుంటే షకీలా ఒళ్ళో సంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ప్రత్తిపాడు వచ్చింది. దిగేవాళ్ళంతా దిగారు, అది లేవలేదు.

"దిగేవాళ్ళెవరమ్మా, తొందరగా!" అని డ్రైవర్ అరిచాడు.

"పోనీ, గుంటూరు దాకా వెళ్ళి చల్లగా ఏదన్నా తాగి తిరిగొచ్చేద్దామా తల్లీ?" అన్నాను మెల్లగా.

అది నా వంక చూసి, "నువ్వు తాగు నాన్నా, నేను దిగుతున్నా" అని గబగబా దిగిపోయింది. నేను వెనకాల పరుగెత్తాను.

ప్రత్తిపాడు నుంచి చేను దాకా ఆటోకు నూట యాభై అడిగాడు, నూట ఇరవైకి ఒప్పించాను. ఆటో నడిపే ఏడుకొండలు మాటకారి. ఏం పని మీద వచ్చామో చెబితే పగలబడి నవ్వాడు.

"మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటే ఎవడికి నష్టం బాబాయ్? కట్లు కట్టే డాక్టరుకి లాభం!"

వెనక సీట్లోంచి షకీలా అడిగింది. "అన్నా, పొద్దున కోతముఠాని నువ్వే తీసుకొచ్చావా?"

"నేనే. పద్నాలుగు మంది రావాల. ఒకామె రాలా."

"ఏం, ఎందుకని?"

ఏడుకొండలు అద్దంలోంచి దాన్ని చూశాడు. "తెలిసే అడుగుతున్నావు గదమ్మా. రాత్రి వాళ్ళింట్లో గొడవ."

"మరి ఆ సీటు డబ్బులు ఎవరిచ్చారు?"

"ఎవరిస్తారు? మిగతావాళ్ళ మీద వేస్తే నన్ను కొడతారు. నాకే పడింది." కాస్త దూరం వెళ్ళాక తనే, "అదీ రాస్తావా ఏంది? నా పేరు మాత్రం రాయమాక తల్లీ" అన్నాడు.

చేలో అందరూ మొహాలకు తువ్వాళ్ళు చుట్టుకుని, కళ్ళు మాత్రమే కనబడేలా ఉన్నారు. మిరప ఘాటుకు అలా కట్టుకోకపోతే నిలబడలేరు. ముఠా మేస్త్రి కోటమ్మ ఒక్కతే తువ్వాలు లాగేసి పరుగెత్తుకొచ్చింది.

"ఒసే షకీలా! ఎంత చిక్కిపోయావే! మీ నాన్న అన్నం పెట్టట్లేదేంటే?"

"పెడతన్నాడు పిన్నీ, ఉప్పే మర్చిపోతాడు."

నా మీద నవ్వితే నవ్వారు గానీ, మా పిల్ల ఆ ఊళ్ళో జోకు వేసింది! నాకు సగం భయం అప్పుడే పోయింది. మిగతా సగం కోసం దారి వంక చూస్తుంటే కోటమ్మ పసిగట్టింది.

"వాడొస్తాడని చూస్తన్నావా బాబాయ్? రానీ. టిక్కీలో కుక్కి, మూతి కుట్టి, యార్డుకి తోలేస్తాం. తాలు కింద కూడా ఎవడూ కొనడు!"

టిక్కీ అంటే మిరపకాయల బస్తా, యార్డు అంటే గుంటూరు మిర్చి మార్కెట్టు, తాలు అంటే రంగు పోయిన నాసికాయ.

నవ్వులైతే వచ్చాయి, మాటలే రాలేదు. షకీలా కాగితాలు తీసి, ఇంట్లో గొడవల వల్ల పని పోయిందా అని అడగ్గానే అందరూ తలలు దించుకుని కోస్తూనే ఉన్నారు. "మా ఇళ్ళల్లో అట్టాంటివేం లేవమ్మా" అంది ఒకామె. పాపం, పిల్ల మొహం వాడిపోయింది. నాకు ఏం చెయ్యాలో తోచక, చేతులూరుకోక, నేనూ కాసిని కాయలు కోశాను.

అన్నాల వేళకు గట్టు మీద నీడన అందరూ క్యారేజీలు విప్పారు. షకీలా కాగితాలు సంచిలో పెట్టేసి వాళ్ళ మధ్య కూర్చుంది. గోంగూర అటూ ఇటూ మారింది. తింటూ తింటూ, "పిన్నీ, నా చెయ్యి విరిగినప్పుడు నా సాలు ఎవరు కోశారు?" అని అడిగింది. ఇక్కడ మనిషికి ఇంతని మొక్కల వరస పంచుతారు, దాన్నే సాలు అంటారు.

"నేను కోశా, మా సుబ్బులు కోసింది" అంది కోటమ్మ. "అయినా కోత తెగలా. రెండు సాళ్ళు చెట్టునే ఎండి తాలైపోతే రైతు మమ్మల్నే తిట్టాడు."

"నీ కోసం పంచాయితీ పెట్టారు గదా" అని ఇంకొకామె అందుకుంది. "మా ఆయనా వాళ్ళూ రెండు రోజులు అరకలు విప్పేసి కూర్చున్నారు. తేల్చింది లేదు, టీలు మాత్రం తాగారు."

"నా సంగతో? నా తల పగిలినప్పుడు మా అక్క పత్తి తీత మానుకుని ఆసుపత్రిలో కూర్చుంది. మా పాప ఆ వారమంతా బడికే పోలా" అంది మరొకామె.

అంతే, ఇక ఆగలేదు. ఒకరి మాట మీద ఇంకొకరు పడిపోతుంటే షకీలా ఎంగిలి చెయ్యి కడుక్కుని రాయడం మొదలుపెట్టింది.

అంతవరకూ చివర కూర్చున్న ఒకామె తువ్వాలు విప్పనే లేదు, అన్నం ముట్టలేదు. ఇప్పుడు మెల్లగా విప్పింది. చూస్తే కాశింబీ, షకీలా అత్తగారు! నేను లేచి నిలబడ్డాను.

"కూర్చో అన్నయ్యా. వాడు ఊళ్ళో లేడు, బోర్లేసే లారీ మీద పనికి పోయాడు. నేను పిల్లని తిరిగి కాపరానికి రమ్మనటానికి రాలా" అని, షకీలా వైపు తిరిగింది. "నాదీ రాసుకుంటావా?"

షకీలా చేతిలో కలం ఆగింది. నేను దాని మొహమే చూస్తున్నాను. కొత్త కాగితం తీసి, "చెప్పత్తా" అంది.

"మనిద్దరం జంటగా కోసేవాళ్ళం. నువ్వు పోయాక నాతో ఎవరూ జత కట్టట్లా. కొట్టినోడి తల్లంటారు. ఒంటిగా కోస్తే నడుం పడిపోతంది, సగం కూడా తెగట్లా. వాడి సంపాదన వాడికే చాలదు."

"వాడు కొట్టేటప్పుడు నువ్వు అడ్డం రాలా గదా" అంది కోటమ్మ మొహం మీదే.

"రాలా" అంది కాశింబీ. "అదీ రాసుకోమను."

షకీలా రాసింది. అతికిన ఆ చేత్తోనే. "జత లేక ఎన్నాళ్ళయింది? నడుము నొప్పికి ఎక్కడ చూపించుకుంటున్నావు?" అని, అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగింది. ఆమె చెప్పిందంతా చదివి వినిపించి, "సరిగ్గా రాశానా అత్తా?" అంది. కాశింబీ తలూపి క్యారేజీ తెరుచుకుంది. వాళ్ళిద్దరూ ఏడవలేదు. నా కళ్ళు మాత్రం ఆగలేదు.

తిరుగు బస్సులో, "మొత్తం ఎంత తేలిందమ్మా?" అన్నాను. "అన్ని ఊళ్ళవీ కలిపితే గానీ తెలియదు నాన్నా" అంది. తర్వాత, "రేపు పక్క ఊరి ముఠా దగ్గరికి వెళ్తున్నా. నువ్వు రావద్దు. నువ్వుంటే వాళ్ళు గట్టిగా నవ్వడానికి మొహమాటపడుతున్నారు" అంది. నన్ను రావద్దంటే ఇంత సంతోషం కలగడం నా జన్మలో ఇదే మొదలు! ఇన్నాళ్ళూ ఆ దెబ్బలు మా ఇంటివి, ఆ నష్టం మా ఒక్కళ్ళదే అనుకుని తలవంచుకు తిరిగాను. దాని సాలు ఇద్దరు కోశారని, ఎవరి చేనో తాలైందని, ఎవరి పాపో బడికి పోలేదని, కొట్టినవాడి తల్లి నడుం కూడా అందులోనే విరుగుతోందని ఆ గట్టు మీద కూర్చుంటే గానీ తెలియలేదు. ఒకడి చెయ్యి ఇంతమంది మీద పడింది. అదంతా ఒకచోట రాసి పెడుతున్నది మా అమ్మాయి. అది ఎవరికీ భయపడకుండా ఆ ఊరి చేలోకి వెళ్ళి, పని చూసుకుని వచ్చింది. నాకు ఇంకేం కావాలండీ!

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. మిరపచేలో కాయ ముట్టుకుంటే ఆ రోజంతా ఆ చెయ్యి కళ్ళ దగ్గరికి పోనివ్వకండి, ఒక శుభ్రమైన తువ్వాలు విడిగా దగ్గర పెట్టుకోండి. సంతోషంతో వచ్చిన కన్నీళ్ళయినా సరే, దానితోనే తుడుచుకోండి. నేను చేత్తో తుడుచుకున్నాను. పర్చూరు దాకా మండుతూనే ఉన్నాయి.