‘ఎర్రబండ’లో కోసేసిన ఫైటు

మా చిన్నాయన, ఫైట్ మాస్టర్ మల్లేశం, ఇక లేడు. “అక్కా, చిన్నాయన పోయిండు” అని తమ్ముడు ఫోన్లో చెప్పినప్పుడు పాపకు తినిపిస్తున్న అన్నం ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. మొన్ననే కూకట్‌పల్లిలో మా ఇంటికి వచ్చి పాపను భుజాన ఎక్కించుకొని తిరిగిన మనిషి! ఆ దిగ్భ్రాంతి తీరకముందే పత్రికలో రెండు వాక్యాలు చదివాను. ‘ఎర్రబండ’ అనే పరాజయంతో ఒక అగ్రకథానాయకుడి జైత్రయాత్రకు గండి కొట్టిన ఫైట్ మాస్టర్ మరణించాడట. దుఃఖాన్ని తోసుకొని కోపం వచ్చింది. దినం ముగిసినా తగ్గని ఆ కోపంతోనే, పాప నిద్రపోయాక, ఇది రాస్తున్నాను.

నేడు అద్దాల మేడలు లేస్తున్న మాదాపూర్ బండల మీదే ఆయన స్టంటు కళాకారులకు దూకడం నేర్పాడు. తాను ముందు దూకి చూడనిదే ఇంకొకరిని దూకనిచ్చేవాడు కాదు. “కొట్టేటోడు కాదు బిడ్డా, పడేటోడే ఫైట్ చేస్తడు. వాడు మంచిగ పడకుంటే హీరో దోమలు తోలినట్టే ఉంటది” అనేవాడు.

మా పాప సోఫా ఎక్కితే చాలు, పట్టుకోవడానికి పరిగెత్తుతాను. ఒకసారి నా కేక విని చిన్నాయన విసుక్కున్నాడు.

“అరె, జర దూకనియ్యరాదే! ఎక్కకుంట ఎన్ని దినాలు ఆపుతవు? పడుడు నేర్పియ్యి.”

“తల పగిలితే?”

“అందుకే గదా నేర్పమంటున్న. దీని సినిమాకు విలన్‌వి నువ్వే ఉన్నవు.”

బొంత పరిచి, గడ్డం ఛాతీకి ఆనించి దొర్లడం నేర్పాడు. అది “తాతా, ఇంకోసారి!” అంటుంటే నేను కళ్ళు మూసుకొని నిలబడ్డాను.

‘ఎర్రబండ’ కథానాయకుడు రాళ్ళు కొట్టే కూలీ. సినిమా నడుమ కంట్రాక్టరు మనుషులు అతణ్ణి తోటి కూలీల ముందే చావబాదుతారు. ఒక్కరూ కదలరు. అంత పెద్ద హీరో మీద చెయ్యెత్తడానికి ఫైటర్లు జంకితే, చిన్నాయనే రౌడీ వేషం కట్టి కొట్టాడు. ఆయన ముఖం తెర మీద కనిపించింది ఆ ఒక్కచోటే. మొదటి రోజు, మొదటి ఆట, చిన్నమ్మ పక్కన కూర్చుని చూశాను. మోకాళ్ళ మీద కూలిన హీరో తన వాళ్ళను ఒక్కొక్కరినే చూస్తాడు. ఆ చూపు ఆ హీరో మరే సినిమాలోనూ నాకు దొరకలేదు. చివర్లో అదే కూలీలు సుత్తెలు పట్టి లేచినప్పుడు ఆ గెలుపు ఒక్క కండలవీరుడిది కాదు, భయపడి సిగ్గుపడినవాళ్ళందరిదీ. ఆ హీరో సినిమాల్లో నేను గొప్పదనేది దీన్నే.

మా హీరో దెబ్బలు తింటాడా అని అభిమానులు కుర్చీలు విరగ్గొట్టారు. మర్నాటికల్లా హీరో మాట మీదే ఊరూరా ఆ ఫైటు కోసేశారు. ఇక తెర మీద ఏముంది? ఒక సీనులో ధీరుడిలా నిలబడ్డ హీరో, తర్వాతి సీనులో చేతికి కట్టుతో వస్తాడు. “ఎవడు కొట్టిండు రా? తలుపుల వేలు పడ్డదా?” అని హాలంతా ఒకటే నవ్వు. సినిమా నడుము విరిచినవాళ్ళే, నడవలేదని దాన్ని తిట్టారు. నింద మాత్రం చిన్నాయనకు మిగిలింది. హీరోను కొట్టిన అపశకునపు మనిషన్నారు. ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. పెద్ద సినిమాల వాళ్ళెవరూ మళ్ళీ పిలవలేదు.

“జరిగింది నువ్వు ఎందుకు చెప్పవు?” అని నేను అడిగితే, “సారు ఆ సీను మంచిగ చేసిండు బిడ్డా. చూసినోళ్ళకు ఎరుకే” అన్నాడు.

ఆ సారు దినం రోజున పెద్ద దండతో వచ్చారు. వాకిట్లో జనం మూగారు. “మాస్టారు మహానుభావులండీ. ఆ ఒక్క పిక్చర్లోనే మా ఇద్దరి లెక్కా తప్పింది” అన్నారు.

చిన్నమ్మ లేచింది. “ఆయన తప్పిండా సారూ? కోసిందెవరు?”

“ఇప్పుడెందుకమ్మా అవన్నీ...”

“ఇప్పుడే. ఇంతమంది ఉన్నరు. కోయమన్నది నేనేనని ఒక్క మాట చెప్పుండ్రి. గంతే.”

ఆయన గుమ్మం బయటి అభిమానుల వైపు చూశారు. “పాపం, వాళ్ళు బాధపడతారమ్మా” అని దండ ఎత్తారు.

చిన్నమ్మ చిన్నాయన ఫోటోకు అడ్డం నిలబడింది. “మాట లేకుంటే దండ వద్దు సారూ.”

దండను కుర్చీలో పెట్టి ఆయన వెళ్ళిపోయారు. కారు చుట్టూ జేజేలు మోగాయి.

చిన్నాయనకు దండం పెట్టి ఊరుకోవడం నా వల్ల కావడం లేదు. ఆ ఫైటు ఇప్పుడు ఏ రీలు డబ్బాలోనూ లేదు. దాన్ని కూర్చిన మనిషి లేడు, అందులో దెబ్బలు తిన్న హీరో నోరు విప్పడు. ఇక మిగిలింది మొదటి రోజు మొదటి ఆట చూసినవాళ్ళు. మీరెక్కడున్నా ఒక్కరికైనా చెప్పండి. ‘ఎర్రబండ’ మంచి సినిమా అని, దాన్ని చంపింది మల్లేశం మాస్టర్ కాదని.