కాళ్లు చూసి ఇచ్చే గోలీలు

1973. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే రోడ్డు మీద, గడియారాలు బాగుచేసే కొట్టుకీ ఒక ఇరానీ హోటల్‌కీ మధ్య ఇరుక్కున్న మందుల దుకాణంలో నేను ఫార్మసిస్టుగా చేరి ఏడాది దాటింది. ఫార్మసిస్టు అంటే డాక్టరు రాసిన చీటీ చదివి, సరైన మందు ఇచ్చి, అది ఎలా వేసుకోవాలో చెప్పేవాడని డిప్లొమా పుస్తకంలో ఉంది. మా గిరాకీల దృష్టిలో మాత్రం పైఅర చెయ్యికందేంత పొడుగున్నవాడు.

దుకాణం అనంతయ్య సేఠ్‌ది. మంచి మనిషే. డబ్బు లేదని చెప్పి జ్వరం మందు అడిగినవాణ్ణి ఎప్పుడూ వట్టి చేతులతో పంపలేదు. కానీ గర్భం రాకుండా వాడే మాత్రల దగ్గరికి వచ్చేసరికి ఆయనకొక పద్ధతి ఉండేది. వాటి చీటీ ఎవరైనా స్త్రీ తెస్తే, ముందు కౌంటర్ మీదికి వంగి ఆమె కాళ్లు చూసేవాడు. మెట్టెలుంటే మందు ఉన్నట్టు, లేకపోతే మందు అయిపోయినట్టు. మా స్టాకు అలా కాలివేళ్లను బట్టి పెరుగుతూ తరుగుతూ ఉండేది. సేఠ్ పొట్టి, కౌంటర్ ఎత్తు. ఆ వంగడంలో ఆయన కాళ్లు నేల వదిలేవి. ఒక ఇజ్జత్ కాపాడాలంటే ఆ మాత్రం కష్టపడాలి మరి.

పద్ధతిలో రెండో సగం పొట్లం కట్టడం. తలనొప్పి గోలీలైనా, గజ్జి మందైనా మా దగ్గర ఖాకీ కవరులో వేసి ఇస్తాం. ఈ మాత్రలను మాత్రం సేఠ్ స్వయంగా పాత ఉర్దూ పేపరులో రెండు చుట్లు చుట్టి ఎర్ర దారం కట్టేవాడు. ఎవరికీ తెలియకూడదని. దుకాణంలో ఇంకే వస్తువునూ అలా కట్టేవాళ్లం కాదు కాబట్టి, ఆ పొట్లం గడప దాటగానే ఇరానీ హోటల్‌లో చాయ్ తాగేవాళ్లందరికీ లోపల ఏముందో తెలిసిపోయేది. మెడలో పలక కట్టి పంపినా అంత స్పష్టంగా ఉండేది కాదు.

ఒకరోజు ఆఫీసులు వదిలే వేళకు శారద వచ్చింది. లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు. కాచిగూడలో తల్లితో ఉంటుంది. నాకు బాగా తెలిసిన గిరాకీ. ఆమెవి అందరికీ వచ్చి పోయే మొటిమలు కావు. డాక్టర్లు సిస్టిక్ ఆక్నే అంటారు. చర్మం లోపల లోతుగా గడ్డల్లా లేచి, చీము పట్టి, మచ్చలు వదిలిపోయే రకం. గంధకం లోషన్, నానా రకాల సబ్బులు, నెలల తరబడి టెట్రాసైక్లిన్ క్యాప్సూల్స్, అన్నీ నా చేతుల మీదుగానే వెళ్లాయి. మా దుకాణంలో మొటిమల మీదికి పంపగలిగిన ప్రతి సిపాయీ ఆమె చెంపల మీద ఓడిపోయి వచ్చాడు.

"దిండు మీద చెంప పెడితే నెత్తురంటుకుంటది. పక్కకు తిరిగి పండుకోక ఎన్నాళ్లాయెనో" అంది ఒకసారి. అందం గురించి ఆమె నాతో ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు. నొప్పి గురించే చెప్పేది.

ఊరంతా ఆమెకు ఉచితంగా ఇచ్చిన మందు మాత్రం ఒక్కటే. పెళ్లి చేసుకో, అవే పోతాయి. ఆఫీసులో హెడ్‌క్లర్కు అదే చెప్పాడు, ఇంటి పక్కావిడ అదే చెప్పింది, మా సేఠ్ కూడా రెండుసార్లు చెప్పాడు. వేళ ఏమిటో, భోజనానికి ముందో తర్వాతో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆమె తెచ్చిన చీటీ ఒక చర్మ వైద్యురాలిది. మామూలు మందులు పనిచేయలేదని, బీపీ చూసి, అడగవలసినవన్నీ అడిగి, ఆమె గర్భనిరోధక మాత్రలు రాసింది. సేఠ్ చీటీ చదివాడు. కాళ్లు నేల వదిలాయి. వంగి చూశాడు. మళ్లీ నేల మీదికి దిగాడు.

"లేవు బిడ్డా. అయిపోయినయి."

"ఆ వెనక అరల ఉన్నయి గద సేఠ్?"

"అవి... వేరేటోళ్లవి."

నేను ఫోన్ తీసి, చీటీ మీదున్న డాక్టరమ్మ నంబరు తిప్పి, రిసీవర్ సేఠ్ చేతిలో పెట్టాను. ఆమె గొంతు రిసీవర్ దాటి దుకాణమంతా వినిపించింది.

"ఆడవాళ్ల ఒంట్లో కూడా ఆండ్రోజెన్ అనే మగ హార్మోన్ కొంచెం ఉంటుందండీ. దానివల్ల చర్మం కింద నూనె గ్రంథులు రెచ్చిపోతాయి. ఈ అమ్మాయికి అదే బాధ. ఆ మాత్రలు దాని జోరు తగ్గిస్తాయి. నేను రాసింది మొటిమలకు. మీ దుకాణంలో మొటిమలకు మందివ్వరా?"

"ఇస్తం అమ్మా. కానీ అమ్మాయికి పెండ్లి కాలే..."

"మొటిమలకూ కాలేదు. ఇవ్వండి."

ఫోన్ పెట్టేసిన చప్పుడు కూడా వినిపించింది. సేఠ్ మాత్రలు తీశాడు. ఉర్దూ పేపరు, రెండు చుట్లు, ఎర్ర దారం. శారదకు ఆ పొట్లం సంగతి తెలియదు. చేతిలో పట్టుకుని హోటల్ ముందున్న బస్‌స్టాపులో నిలబడి బస్సెక్కింది.

వారం తిరక్కముందే ఆమె మేనమామ దుకాణంలోకి దూసుకొచ్చాడు. ఆయన దోస్తు ఎవరో ఆ హోటల్‌లో చాయ్ తాగుతూ పొట్లాన్ని చూశాడట. మామ వెనకాల శారద తల్లి, ఆ వెనక శారద. తల్లి పేరు నర్సమ్మ. ముతక తెల్లచీర, బోసి నుదురు. భర్త పోయి చాలా ఏళ్లయిందని శారద ఎప్పుడో చెప్పింది.

"ఏం సేఠ్! మా పిల్లకు ఏం గోలీలిచ్చిన్రు? మోరీల పారేసిన అన్నీ! మా ఇజ్జత్ ఏం గావాలె? పోలీసులకు చెప్త!"

"స్టేషన్ దగ్గర్నే ఉందన్నా. కానీ ఎస్సై గారు ఇప్పుడే మా దగ్గర దగ్గుమందు తాగి పోయిండు. జర నిద్రల ఉంటడు" అన్నాను.

మామ నావైపు తిరిగాడు. "నువ్వెవడివిరా?"

"పైఅర అందుకునేటోణ్ణి."

సేఠ్ చేతులు జోడించాడు. "తప్పైపోయింది పటేలా. ఇంకోసారి ఇయ్య. ఇగ ఫికర్ చేయకు."

అప్పుడు శారద మామను దాటుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది. చీటీ మళ్లీ గాజుపలక మీద పెట్టింది.

"పారేసినయి పోయినయి. ఇంకొక స్ట్రిప్ ఇయ్యుండ్రి."

స్ట్రిప్ అంటే మాత్రలు వరసగా అతికించిన పట్టీ. మూడు వారాలు రోజుకొకటి వేసుకుని, ఒక వారం ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి. మధ్యలో మోరీలో, అంటే మురిక్కాలవలో, పారేసే వారం ఏ చీటీలోనూ ఉండదు.

"అరే, నా ముందర్నే అడుగుతున్నవా!" అని మామ అరిచాడు. రోడ్డు మీద నలుగురు ఆగారు. హోటల్‌లోంచి ఇద్దరు సాసర్లతో సహా బయటికి వచ్చారు.

సేఠ్‌కి గొడవంటే భయం. నడిమి దారి వెతికాడు. గొంతు తగ్గించి, "బిడ్డా, ఒక మాట చెప్త ఇను. ఈసారి వచ్చేటప్పుడు ఎవరివన్న మెట్టెలడిగి పెట్టుకొని రా. నేనేం అడుగ, నువ్వేం చెప్పకు. శానామంది గట్లనే వస్తరు" అన్నాడు.

ఆ చివరి మాట నాకు కొత్త. అంటే ఇన్నాళ్లూ సేఠ్ కాళ్లు నేల వదిలింది అరువు మెట్టెలు చూడటానికన్నమాట.

శారద చీటీని గాజుపలక మీద ఇంకొంచెం ముందుకు జరిపింది.

"మొటిమలు నా ముఖం మీద ఉన్నయి సేఠ్, కాళ్ల మీద లేవు. ముఖం చూసి ఇయ్యుండ్రి."

నేను చీటీ తీసుకుని స్ట్రిప్ తెచ్చాను. సేఠ్ చెయ్యి అలవాటుగా ఉర్దూ పేపరు మీదికి పోయింది. "చుట్టకుండ్రి" అంది శారద. ఆ సంగతి కూడా ఈ వారంలో ఆమెకు తెలిసొచ్చింది. స్ట్రిప్ అరచేతిలో పెట్టుకుని, ఆగిన నలుగురి మధ్య నుంచి నడిచి వెళ్లింది. మామ ఇజ్జత్, ఇజ్జత్ అనుకుంటూ వెనకాల పోయాడు. సాసర్లవాళ్ల చాయ్ చల్లారింది. ఆ రోజు జరిగిన నష్టమల్లా అంతే.

నర్సమ్మ మాత్రం ఆగిపోయింది. కౌంటర్ అంచు పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"బిడ్డా, అందరు పెండ్లైతే పోతయన్నరు. నేను గూడ గదే అన్న. గీ గోలీలు మింగితే రేపు పెండ్లైనంక పిల్లలు పుట్టరంటున్నరు. నిజమేనా?"

దానికి నా దగ్గర జోకు లేదు. "ఆపినంక అంతా మామూలుకొస్తదని డాక్టర్లు చెప్తరమ్మా. కానీ ఇవి అందరికీ పడే గోలీలు కావు. బీపీ ఉన్నోళ్లకు, పిక్కల నెత్తురు గడ్డకట్టినోళ్లకు ఇయ్యరు. తలనొప్పి గట్టిగ వచ్చినా, పిక్క వాచినా ఆపి వెంటనే దవాఖానకు పోవాలె. నా మాట నమ్మకు. ఆ డాక్టరమ్మనే పోయి అడుగు."

"నన్ను అడగనిస్తదా?"

"ఆమెకు కోపం మా సేఠ్ మీద. నీ మీద కాదు."

తర్వాత నెల శారద వచ్చింది. వికారంగా ఉంటోందని, కొత్తగా రెండు గడ్డలు లేచాయని చెప్పింది. మొదట్లో అలా ఉంటుందని, ఫలితం తెలియడానికి మూడు నాలుగు నెలలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పిందట. "అమ్మ గూడ వచ్చింది డాక్టర్ దగ్గరికి. నాకంటె ఎక్కువ అడిగింది" అంది. మామ ఆ ఇంటికి రావడం మానేశాడట. ఈ మాత్రల సైడ్ ఎఫెక్టుల్లో, అంటే కోరని ఫలితాల్లో, అది ఏ పుస్తకంలోనూ లేదు.

నాలుగో నెలకు కొత్త గడ్డలు లేవడం ఆగింది. మచ్చలు అలాగే ఉన్నాయి. మెరిసే ముఖం, పరుగెత్తుకొచ్చే పెళ్లికొడుకు, అలాంటివేమీ జరగలేదు. ఇది సబ్బు ప్రకటన కాదు. ఆమె పక్కకు తిరిగి పడుకోగలుగుతోంది. అంతే.

ఆ తర్వాత ఒక సాయంత్రం, దుకాణం కిటకిటలాడుతుండగా నర్సమ్మ ఒక్కతే వచ్చింది. శారదకు డిపార్టుమెంటు పరీక్ష ఉంది, అందుకని చీటీ తను తెచ్చింది. సేఠ్ చీటీ అందుకున్నాడు. ఆలోచించలేదు. ఏళ్ల అలవాటు. కాళ్లు నేల వదిలాయి, వంగి కిందికి చూశాడు.

చూశాక ఆయనకు అర్థమైంది, ఎవరి కాళ్లు చూశాడో. అలాగే కౌంటర్ మీద వేలాడుతూ ఉండిపోయాడు. దిగడానికీ ధైర్యం చాలలేదు.

"చూసినవా సేఠ్?" అంది నర్సమ్మ. గొంతేమీ తగ్గించలేదు. "లేవు. నా మొగడు పోయిన్నాడే తీసిన్రు. మంచిగ చూసుకో. అయిందా? ఇగ చీటీ చూడు."

గిరాకీలందరూ ఇటు తిరిగారు. తెల్లచీర కట్టుకున్న విధవ, గర్భం రాకుండా ఉండే గోలీలు, నిండు దుకాణంలో నిలబడి అడుగుతోంది. ఆమె తలుచుకుంటే నన్ను పక్కకు పిలిచి తీసుకోవచ్చు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

సేఠ్ దిగాడు. మాత్రలు తెచ్చాడు. పేపరు తీసేలోపు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"తలనొప్పి గోలీలు ఎట్లిస్తవు?"

"కవర్ల వేసి..."

"గట్లనే ఇయ్యి. నా బిడ్డ దొంగతనం చేయలే, చేతిల పట్టుకొని ఊరందరికీ చూపించనీకె యుద్ధం గెలవలే. మందు తింటున్నది."

సేఠ్ ఖాకీ కవరులో వేసి ఇచ్చాడు. ఆమె అది చంకన పెట్టుకుని, ఇరానీ హోటల్ ముందు నుంచి మొజంజాహీ మార్కెట్ వైపు నడిచి వెళ్లిపోయింది. ఒక్కడూ తలెత్తి చూడలేదు. చూడటానికి అక్కడ ఏమీ లేదు, ఒక ముసలామె, చంకలో మందుల కవరు.

మర్నాటి నుంచి మా దుకాణంలో ఎర్ర దారం కొనడం మానేశాం. ఎవరి మందైనా ఖాకీ కవరే. సేఠ్ వంగడం మానడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. వంగబోయినప్పుడల్లా నేను, "సేఠ్, నర్సమ్మ వస్తుంది" అనేవాణ్ణి. టక్కున నిలబడేవాడు.

ఇది జరిగి మూడేళ్లవుతోంది. ఈ వృత్తిలోకి వచ్చే కుర్రాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే. మందులిచ్చేవాడు చీటీ చూడాలి, చీటీ తెచ్చిన మనిషి ముఖం చూడాలి. కాళ్లే చూస్తానంటే ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణాలు బోలెడున్నాయి, వెళ్లి అక్కడ చేరాలి. ఈ మాట సేఠ్ ముందు కూడా అన్నాను. ఆయన నవ్వలేదు. ఉద్యోగంలోంచీ తీసేయలేదు. పైఅర ఇంకా ఎత్తుగానే ఉంది.