కార్డులో లేని తమ్ముడు

ఆదోనిలో పత్తి బోరాలు కుట్టే హుస్సేన్ పీరా, "కరాచీలో ఒంటెకు సైకిలు నేర్పినానప్పా" అనేవాడు. "బెల్లు కూడా కొట్టేదా సాబూ?" అని టీకొట్టంతా నవ్వేది. పాసుపోర్టు లేకుండా ఆ దేశం నుంచి తిరిగొచ్చినవాడు కాబట్టి, ఖాకీ చొక్కా కనబడితే మాత్రం మాట మింగేసేవాడు. రేషన్ కార్డులో పేరు రాయించుకోమని అక్క జమ్రుద్‌బీ ఎంత చెప్పినా, పోలీసులు పట్టుకుపోతారని వినలేదు.

పంతొమ్మిది వందల ఎనభై మూడులో అతని మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. తనదొకటి ఇస్తానని అక్క అతన్ని పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ తోబుట్టువుదైతేనే పెడతారట. డాక్టరు కార్డు తిరగేసి, "ఇందులో నీ పేరు లేదే. ఈమె నీకేమవుతుంది?" అన్నాడు. గుమ్మంలో ఖాకీ బట్టల వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు.

"ఏమీ కాదు సార్. వాళ్లింట్లో బాడుగకుండాను" అన్నాడు హుస్సేన్ పీరా.

రక్తపరీక్షకు చాపిన చేతిని జమ్రుద్‌బీ వెనక్కి తీసుకోలేదు. అతను ఆ చేతివైపు చూడలేక నేల చూస్తూ కూర్చున్నాడు.