మేస్త్రి జేబు మరిగిన కోళ్ళు

చాంపియన్ రీఫ్స్‌లో ఆంజినప్ప మేస్త్రి గొంతు తెలియనివాళ్ళు లేరు. బంగారు గనిలో, భూమి లోపల దుంగలు నిలబెట్టి పైకప్పు కూలకుండా చూసే ముఠాకు ఆయన పెద్ద. అక్కడ మెల్లగా మాట్లాడితే వినపడదు. వినపడకపోతే మనిషి మిగలడు. అందుకని అరవడం నేర్చుకున్నాడు. అందులో తప్పేం లేదు. కాకపోతే పైకొచ్చి, ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కున్నాక కూడా ఆ గొంతు దిగేది కాదు. ఆయన "నీళ్ళు!" అని అడిగితే పక్కింటివాళ్ళు కూడా చెంబు వెతుక్కునేవాళ్ళు.

పలమనేరు పక్క పల్లె నుంచి తండ్రి వెంట పనికి వచ్చినప్పుడు ఆయనకింకా మీసాలు రాలేదు. ఆ తర్వాత గనులు కంపెనీ చేతి నుంచి సర్కారు చేతికి వచ్చాయి. బోర్డులు మారాయి, దొరల బంగళాల్లోకి మనవాళ్ళే ఆఫీసర్లై దిగారు. ఆంజినప్ప మాత్రం అదే కూలీల ఇళ్ళ లైన్లో, అదే రేకుల ఇంట్లో, భార్య తాయమ్మతో కాపురం చేస్తూ వచ్చాడు. ఒక్కతే కూతురు వెంకటలక్ష్మమ్మను శ్రీనివాసపురంలో మామిడితోట ఉన్న ఇంటికి ఇచ్చారు.

ఒక ఏడు మామిడి పూత మీదుండగా కూతురు ఒక గంప చంకన పెట్టుకుని బస్సు దిగింది. గంపలో నాలుగు పెట్టలు.

"ఇంట్లో ఒక్కదానివే ఉంటావు కదమ్మా. పెంచుకో. గుడ్లన్నా దొరుకుతాయి" అంది తల్లితో.

తాయమ్మ సంబరంగా వాటి కాళ్ళకు దారాలు కట్టి, పెరట్లో గుంజకు కట్టేసింది. కొత్త చోటు అలవాటయ్యేదాకా అలా ఉంచాలి. ఆంజినప్ప వచ్చి చూసి ఎగిరిపడ్డాడు.

"ఇది ఇల్లా, సంతా? రేపు నేనొచ్చే తలికి ఒక్కటి కనపడినా కూరొండించేస్తా!"

కోళ్ళు మెడలు వంచి, ఒంటికన్నుతో ఆయన్ని ఎగాదిగా చూశాయి. ముఠాలో ఎవడూ ఎప్పుడూ ఆయన్ని అలా చూడలేదు.

కూతురు వెళ్ళిపోయిన మర్నాడు ఆయన పెరటి గడప మీద కూర్చుని వేరుశనగలు ఒలుచుకుంటున్నాడు. ఒక గింజ జారి కింద పడింది. మచ్చలపెట్ట ఒకటి దారం బిగిసేదాకా వచ్చి మెడ చాచింది. అందలేదు. మళ్ళీ చాచింది. ఆంజినప్ప అటూ ఇటూ చూశాడు. తాయమ్మ లేదు. కాలి బొటనవేలితో ఆ గింజను కొంచెం ముందుకు తోశాడు. అంతే, అంతకు మించి ఏమీ చేయలేదు.

మర్నాడు మాత్రం గింజలు అవంతట అవి జారిపడలేదు. ఆ తర్వాత బజారు నుంచి బొరుగులు వచ్చాయి. బెల్లం వచ్చింది. ఒకనాడు బేకరీ బన్ను కూడా వచ్చింది. పొద్దుటి షిఫ్టు దిగి ఆయన ఇల్లు చేరే వేళకు తాయమ్మ నీళ్ళకని కొళాయి దగ్గరకు పోయి ఉండేది. ఆ కాస్త సందులో మేస్త్రి పెరట్లో గొంతుక్కూర్చుని, పెళ్ళాం కూడా ఎన్నడూ వినని గొంతుతో, "తినండమ్మా, తోసుకోవద్దండి, అందరికీ ఉండాది. చుక్కమ్మా, నీకింగ చాలు" అనేవాడు. చుక్కమ్మ అంటే ఆ మచ్చలపెట్ట. దానికి ఎప్పుడూ చాలేది కాదు.

దారాలు విప్పేనాటికి కోళ్ళు నూకలను చూసి మూతి తిప్పుకోసాగాయి. మొదట్లో పెట్టిన గుడ్లు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోయాయి. గోడ అవతల ఉండే హనుమక్క మీద తాయమ్మకు అనుమానం మొదలైంది.

"గుడ్లు యాడికి పోతాండాయో నాకు తెలీదా? ఆ గోడ మీద చెయ్యి పెడితే అందేంత దూరమే కదా!"

"జబ్బేమోలేవే" అన్నాడు ఆంజినప్ప మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడినప్పుడే ఆమె కనిపెట్టాల్సింది.

కాయలు కోతకొచ్చాక కూతురు మామిడిపళ్ళ బుట్టతో మళ్ళీ వచ్చింది. వస్తూనే పెరట్లోకి వెళ్ళి చుక్కమ్మను ఎత్తి చూసి నోరు తెరిచింది.

"ఏమ్మా, ఇది కోడా, దూడా? ఇంత కొవ్వు పట్టినాక గుడ్డెట్ల పెడతాది? ఎవురో బాగా మేపుతాండారు దీన్ని."

గుడ్లు దొంగిలించిందనుకున్న హనుమక్క ఇప్పుడు కుళ్ళుతో కోళ్ళను మేపి చెడగొడుతోందని తాయమ్మ తేల్చేసింది. బిందె తీసుకుని నేరుగా కొళాయి దగ్గరకు పోయింది. వెనకే కూతురు పరుగెత్తింది.

"ఏమే హనుమక్కా, నా కోళ్ళకు ఏం పెడతాండావే నువ్వు?"

"నా బిడ్డలకు పెట్టేకే చాలక సస్తాంటే, నీ కోళ్ళకు యాడ తెచ్చిపెట్టేది తల్లీ?" అంది హనుమక్క చేతులు తిప్పుతూ.

మాటా మాటా పెరిగింది. లైన్లోని ఆడవాళ్ళంతా బిందెలు దించి వినసాగారు. సరిగ్గా అప్పుడే షిఫ్టు దిగిన ఆంజినప్ప సందు మలుపు తిరిగాడు. ఆ బూట్ల చప్పుడు వినపడిందో లేదో, తాయమ్మ ఇంటి వైపు నుంచి నాలుగు కోళ్ళూ రెక్కలు సాచి, ఒళ్ళు ఊపుకుంటూ, బిందెల మీదుగా, ఆడవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి పరుగున వచ్చి ఆయన్ని చుట్టుముట్టాయి.

"హేయ్! పోండి!" అని మేస్త్రి గర్జించాడు. ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు. కోళ్ళు చెక్కుచెదరలేదు. చుక్కమ్మ ఎగిరి ఆయన చొక్కా జేబు మీద ఒక్క పోటు పొడిచింది. వేరుశనగలు జలజలా రాలాయి.

ఆడవాళ్ళు గింజల్ని చూశారు, మేస్త్రిని చూశారు.

"మేస్త్రన్నా," అంది హనుమక్క, "నీ ముఠా వచ్చిండాది. హాజరు వేసుకో."

ఆ నవ్వు లైను చివరిదాకా పోయింది. తాయమ్మ తలెత్తలేకపోయింది. హనుమక్క బిందెను తానే తీసుకుని కొళాయి కింద పెట్టి, నిండాక ఎత్తి ఆమె నడుముకు అందించింది.

"పోనీలే తాయమ్మా. నీ మొగుడే దొంగ అని నీకు మాత్రం ఏం తెలుసు" అని హనుమక్క నవ్వుతూ వెళ్ళిపోయింది.

సాయంత్రానికి తండ్రి చేత అంతా ఒప్పించి, మామిడిపళ్ళు తింటూ కూతురు మళ్ళీ అందుకుంది.

"నాయనా, కోళ్ళకు బొరుగులంట, బెల్లమంట, బన్నంట! నాకెప్పుడన్నా ఒక పొట్లం తెచ్చినావా?"

ఆమె నవ్వుతాలకే అంది. ఆంజినప్పకు నవ్వు రాలేదు. గుర్తు చేసుకుందామని చూశాడు. రాత్రి షిఫ్టులు, పగటి నిద్రలు, "నాయన పండుకోనుండాడు, గమ్మునుండు" అని బిడ్డను బయటికి తోలే తాయమ్మ. పొట్లం మాత్రం ఎక్కడా కనపడలేదు.

"నువ్వు అడగలేదు కదా" అన్నాడు చివరికి.

"కోళ్ళు అడిగినాయా?"

ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

మర్నాడు షిఫ్టు నుంచి వస్తూ రెండు వేరుశనగల పొట్లాలు తెచ్చాడు. పెద్దది కూతురి చేతిలో పెట్టి, "ఇందా" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఇద్దరు బిడ్డల తల్లి గడప మీద కూర్చుని, చిన్నపిల్లలా ఒళ్ళో పోసుకుని తినసాగింది. కోళ్ళు చుట్టూ చేరి ఆమె నోటి వంకే చూశాయి. ఆమె ఒక్క గింజ కూడా రాల్చలేదు.

చిన్న పొట్లం తాయమ్మ లాక్కుంది. ఆనాటి నుంచి కోళ్ళకు ఆమె చట్టం నడిచింది. పూటకు నూకలు, కూరాకు తొక్కులు. వేరుశనగలు వారానికొకసారి, అదీ ఆమె కళ్ళెదుటే, మేస్త్రి పిడికిట్లో పట్టినన్ని. ఆయన పిడికిలి పెద్దదని ఆమె కాస్త ఆలస్యంగా గ్రహించింది.

వానలు మొదలయ్యేసరికి గుడ్లు మళ్ళీ వచ్చాయి. మొదటి రెండూ హనుమక్క ఇంటికి పోయాయి. మూడోది తాయమ్మ ఉడికించి, ఒలిచి, మొగుడి కంచంలో వేసింది. ఆంజినప్ప దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇది చుక్కమ్మదా?"

"తినయ్యా," అంది తాయమ్మ, "దాని మీద పేరు రాసి పెట్టలేదు."